బర్డ్స్: మొదటి టేపులు, మలి కలయికలు

బర్డ్స్ బృందం పేరు 1965లో మారుమోగింది. బాబ్ డిలన్ రాసిన 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్'ను వీళ్లు పాడిన రికార్డు ఆ ఏడాది అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. జానపద బాణీకి ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు తోడైన ఆ పద్ధతికి ఫోక్ రాక్ అన్న పేరు స్థిరపడింది. ఆ తర్వాత వచ్చిన ఆల్బములు ఈనాటికీ సులువుగానే దొరుకుతాయి. సేకరించేవారికి అసలు పని వాటికి అటూ ఇటూ ఉంది. పేరు రాకముందు 1964లో రాత్రిపూట చేసుకున్న డెమో టేపులు ఒకవైపు, విడిపోయాక మళ్లీ కలిసి చేసిన రికార్డింగులు మరోవైపు.

మొదట కలిసినవారు ముగ్గురు: జిమ్ మెగ్విన్ (తర్వాత రోజర్ అని పేరు మార్చుకున్నాడు), జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ. ముగ్గురూ జానపద గాయకులే. బీటిల్స్ గాలి ముగ్గురికీ సోకింది. లాస్ ఏంజెలెస్‌లోని ట్రూబడోర్ క్లబ్బులో వీరికి స్నేహం కుదిరింది. అప్పట్లో తమను తాము జెట్ సెట్ అని పిలుచుకునేవారు. మేనేజరు జిమ్ డిక్సన్‌కు వరల్డ్ పసిఫిక్ స్టూడియోలో చనువు ఉండేది. పగటి పనులు ముగిశాక ఆ స్టూడియోలో వీళ్ల చేత పాడించి, టేపు చేసి, వెంటనే వినిపించేవాడు. ఎవరి గొంతు ఎక్కడ జారిందో వాళ్లే విని దిద్దుకోవాలి. ఇవాళ మనం డెమోలు అంటున్నవి చాలావరకు ఆ సాధన తాలూకు టేపులే. బయటివారికి వినిపించడానికి చేసినవి కావు కాబట్టి వాటిలో దాపరికం లేదు.

తొలి టేపుల్లో ఒకటైన 'ది ఓన్లీ గర్ల్ ఐ అడోర్'లో గిటార్లు, మూడు గొంతులు తప్ప ఏమీ లేవు. తర్వాత డ్రమ్ములకు మైకేల్ క్లార్క్ వచ్చాడు. మొదట్లో అతనికి డ్రమ్ములే లేవు, అట్టపెట్టెల మీద వాయించాడు. బ్లూగ్రాస్ మేళాల్లో మాండలిన్ వాయించే క్రిస్ హిల్మన్ బేస్ గిటారు పట్టుకుని ఐదోవాడయ్యాడు. ఒక కళాపోషకురాలు ఇచ్చిన 5,000 డాలర్లతో వాయిద్యాలు సమకూరాయి. మెగ్విన్ చేతికి పన్నెండు తీగల రికెన్‌బాకర్ గిటారు వచ్చిందీ అప్పుడే. ఆ గలగల నాదమే తర్వాత ఈ బృందానికి గుర్తు అయింది.

ఇదే కాలంలో ఎలెక్ట్రా కంపెనీ బీఫీటర్స్ అన్న బ్రిటిష్ తరహా పేరుతో వీళ్ల రికార్డు ఒకటి వేసింది. 1964 అక్టోబరులో వచ్చిన ఆ రికార్డును ఎవరూ పట్టించుకోలేదు. సేకర్తలకు ఇప్పుడు అది అపురూపం. నిజానికి వినడానికి దానికంటే స్టూడియో టేపులే మేలు. అయితే దానికి రెండో వైపున ఉన్న 'డోంట్ బి లాంగ్' తర్వాత 'ఇట్ వోంట్ బి రాంగ్'గా మారి రెండో ఆల్బములో చేరింది. ఈ రెంటినీ వెంటవెంటనే వింటే ఏడాదిలో బృందం ఎంత ఎదిగిందో తెలుస్తుంది.

టేపుల్లో అన్నిటికంటే శ్రద్ధగా వినాల్సింది 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్' డెమో. డిలన్ ఆ పాటను ఇంకా విడుదల చేయకముందే డిక్సన్ దాని అసిటేట్ ప్రతి ఒకటి సంపాదించాడు. అసిటేట్ అంటే అల్యూమినియం పళ్లేనికి లక్కర్ పూత పూసి కోసిన రికార్డు. నాలుగుసార్లు వింటేనే అరిగిపోయే సరుకు. పాట మొదట బృందంలో ఎవరికీ పెద్దగా నచ్చలేదు. డెమోలో మైకేల్ డ్రమ్ములు సైనికుల కవాతులాగా నడుస్తాయి, పాట వాటి వెనక కాళ్లీడుస్తుంది. 1965 జనవరి 20న కొలంబియా స్టూడియోలో నిర్మాత టెర్రీ మెల్చర్ అదే పాటను రికార్డు చేసినప్పుడు బృందంలో మెగ్విన్ ఒక్కడే వాయించాడు. మిగతా వాయిద్యాలన్నీ కిరాయికి వచ్చిన ఆరితేరిన వాద్యకారులవి. మెగ్విన్, జీన్, క్రాస్బీల గొంతులు మాత్రం మారలేదు. మెగ్విన్, జీన్ ఒకే వరస పాడుతుంటే క్రాస్బీ వాళ్లకు పైన తిరుగాడుతూ గొంతు కలుపుతాడు. ఆ పొందిక డెమోలోనే పూర్తిగా ఉంది. బర్డ్స్ ప్రత్యేకత గిటారులో కంటే గొంతుల్లో ముందు పుట్టిందనడానికి ఈ టేపే సాక్ష్యం.

ఈ టేపులు ఐదేళ్లు పెట్టెల్లోనే ఉండిపోయాయి. అంతకుముందు బర్డ్స్ ఆల్బములకు నిర్మాతగా పనిచేసిన గ్యారీ అషర్ మరికొందరితో కలిసి టుగెదర్ రికార్డ్స్ పెట్టి, 1969 జులైలో 'ప్రీఫ్లైట్' పేరుతో 11 పాటలు విడుదల చేశాడు. పాత డెమోలు అయినా అమెరికా పట్టికలో 84వ స్థానం దాకా వెళ్లాయి. అందులోని 'యూ షోడ్ మీ' కథ మరీ విచిత్రం. మెగ్విన్, జీన్ కట్టిన ఆ పాటను టర్టిల్స్ బృందం నెమ్మదిగా పాడి, 1969 ఆరంభంలో ఆరో స్థానానికి చేర్చింది. పాట కట్టినవాళ్ల సొంత గొంతు జనానికి ఆ తర్వాతే వినిపించింది. 1988లో రైనో సంస్థ 'ఇన్ ది బిగినింగ్'లో అవే పాటలు కొన్నిటిని వేరే టేకుల్లో ఇచ్చింది. 2001లో సన్‌డేజ్డ్ సంస్థ 'ది ప్రీఫ్లైట్ సెషన్స్' పేరుతో 40 ట్రాకులను రెండు సీడీల్లో పెట్టింది. పాట పేరు ఒకటే అయినా టేకు వేరు కావచ్చు. పేర్ల జాబితా చూసి ఉన్నదే కదా అనుకుంటే నష్టపోయేది సేకర్తే.

వరల్డ్ పసిఫిక్‌కు మన దేశంతోనూ సంబంధం ఉంది. పండిత్ రవిశంకర్ సితార్ రికార్డులను అమెరికాలో వేసింది ఆ సంస్థే. అక్కడ ఆ సంగీతం తలకెక్కిన క్రాస్బీ, మెగ్విన్‌తో కలిసి 1965లో బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌కు దాని గురించి చెప్పాడు. 1966 నాటి 'ఎయిట్ మైల్స్ హై' మీద జాజ్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్‌తో పాటు రవిశంకర్ ప్రభావమూ ఉంది. ఆ పాటను 1965 డిసెంబరులో ముందు ఆర్‌సీఏ స్టూడియోలో చేశారు. బయటి స్టూడియోలో చేసిందని వీళ్ల రికార్డు కంపెనీ కొలంబియా ఒప్పుకోకపోవడంతో మళ్లీ చేయాల్సి వచ్చింది. మొదటి ప్రతి 1987లో గాని వెలుగు చూడలేదు.

1966లో జీన్, 1967లో క్రాస్బీ, మైకేల్, ఆ మరుసటి ఏడాది హిల్మన్ వెళ్లిపోయారు. మెగ్విన్ కొత్తవాళ్లతో నెట్టుకొచ్చాడు. 1972 చివర్లో పాత ఐదుగురూ హాలీవుడ్‌లోని వాలీ హైడర్ స్టూడియోలో మళ్లీ కలిశారు. క్రాస్బీ నిర్మాత. ఎసైలమ్ సంస్థ 1973 మార్చిలో విడుదల చేసిన ఆ 'బర్డ్స్' ఆల్బము 20వ స్థానానికి చేరింది గాని విమర్శకులకు రుచించలేదు. విమర్శలో న్యాయం ఉంది. పన్నెండు తీగల గిటారు వెతికితే గాని వినిపించదు. ఎవరి పాట వారు తెచ్చుకున్నారు, ఎవరినీ ఎవరూ వద్దనలేదు. క్రాస్బీ 'లాఫింగ్' అంతకు రెండేళ్ల ముందు అతని సొంత ఆల్బములో వచ్చినదే. 1964లో ఒకరి తప్పు ఒకరు వింటూ దిద్దుకున్నవాళ్లు ఇక్కడ మర్యాదగా తప్పుకున్నారు. అందుకే పాటలు విడివిడిగా బాగున్నా బృందం కనిపించదు. ఆల్బమును నిలబెట్టినవాడు జీన్ క్లార్క్. 'ఫుల్ సర్కిల్', 'చేంజింగ్ హార్ట్' రెండూ అతనివే. నీల్ యంగ్ పాట 'సీ ద స్కై అబౌట్ టు రెయిన్' కూడా అతని గొంతులో నిండుగా పలికింది. యంగ్ సొంత ప్రతి మరుసటి ఏడాదికి గాని రాలేదు.

దీనికంటే ముందే జరిగిన కలయిక ఒకటుంది, చాలామంది గమనించరు. జీన్ పాటలు 'షీజ్ ద కైండ్ ఆఫ్ గర్ల్', 'వన్ ఇన్ ఎ హండ్రెడ్'లలో ఐదుగురూ పాలు పంచుకున్నారు. ఇవి 1973లో నెదర్లాండ్స్‌లో మాత్రమే వచ్చిన 'రోడ్‌మాస్టర్'లో ఉన్నాయి. 1979లో మెగ్విన్, జీన్, హిల్మన్ ముగ్గురి పేర్లతో వచ్చిన ఆల్బము అప్పటి డిస్కో మోజుకు లోబడినది, ఒకసారి వింటే చాలు. 1990లో మెగ్విన్, క్రాస్బీ, హిల్మన్ నాష్‌విల్‌లో చేసిన కొత్త పాటలు ఆ ఏటి బాక్స్ సెట్‌లో చేరాయి. డిలన్ 'పాత్స్ ఆఫ్ విక్టరీ' వాటిలో మేలైనది. 1991 జనవరి 16న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద ఐదుగురూ కలిసి పాడారు. అదే ఏడాది మే 24న జీన్, 1993 డిసెంబరులో మైకేల్ కన్నుమూశారు. ఐదుగురి కలయిక ఆ వేదికతోనే ముగిసింది.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ముందు 'ప్రీఫ్లైట్ సెషన్స్' కొనాలి. ఆ తర్వాత 'రోడ్‌మాస్టర్', చివరగా 1973 ఆల్బము. డబ్బు ఒక్కదానికే సరిపోతే డెమోలే తీసుకోండి.