నంద్యాల కాలేజీ దాకా ఒకసారి పోయొద్దాం

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ ఆళ్లగడ్డలో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే ముచ్చట. ఎంపీసీ పిల్లకు ర్యాంకెంత, బైపీసీ పిల్లకు సీటెక్కడ అని. హెచ్ఈసీ, సీఈసీ చదివిన అమ్మాయి ఇంటికొచ్చి మాత్రం ఎవరూ అలా అడగరు. అడిగినా "బీయే చదివి ఏం చేస్తాదంట వదినా?" అంటారు. ఆ తర్వాత మాట ఎటు పోతుందో మీకు తెలుసు. ఏదో ఒక సంబంధం దగ్గరికి!

అలాంటి అమ్మాయి మీ ఇంట్లో ఉంటే, సంబంధాల మాట పక్కన పెట్టి ఒక పూట నంద్యాల పోయి గవర్నమెంటు డిగ్రీ కాలేజీ చూసి రండి. అమ్మాయిని మాత్రం తప్పక వెంట తీసుకెళ్లండి. చదివేది తనే కదా!

ఆళ్లగడ్డకు రైలు లేదు, బస్సే గతి. శిరివెళ్ల మీదుగా నలభై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. పోయేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే దూరంగా నల్లమల కొండలు తోడొస్తాయి. దారి పొడవునా నల్లరేగడి చేలు, కేసీ కాలువ నీళ్లు పారినచోట వరిమళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. ఆధార్ కార్డు దగ్గరుంటే చాలు. "రోజూ చార్జీలు ఎక్కడ తెచ్చేది?" అని చదువు మాన్పించే ఇళ్లలో ఇప్పుడా సాకు చెల్లదు.

నంద్యాల 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రమైంది. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పేరు పీఎస్సీ అండ్ కేవీఎస్సీ. ఇది కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. ఆ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకుముందు డిగ్రీ పాసైన మన వయసు వాళ్ల పట్టాల మీద అనంతపురం శ్రీకృష్ణదేవరాయ అని ఉంటుంది, బీరువాలోంచి తీసి చూసుకోండి.

మన రోజుల్లో కాలేజీకి పోయి ఫారం నింపి ఇచ్చేవాళ్లం. 2020 నుంచి డిగ్రీ సీట్లన్నీ ఆన్‌లైన్‌లోనే. ఏ కాలేజీ, ఏ సబ్జెక్టు అని వరసగా ఆప్షన్లు పెట్టాలి. ఇక్కడ తొందర పడొద్దు. వెనక హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా చదివేవాళ్లం. 2023లో ఒక్క సబ్జెక్టే మేజర్ అనే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత కూడా మార్పుల మాట నడుస్తూనే ఉంది. కాబట్టి పక్కింటి పిల్ల పోయినేడు చేసింది చూసి చేయకుండా, ఈ ఏటి నిబంధన ఏమిటో కాలేజీలోనే అడగండి. తెలుగు మీడియంలో చదివిన పిల్లయితే ఇంకొక సంగతి కూడా. 2021 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియమే. మొదటి ఆరు నెలలూ కష్టంగానే ఉంటుంది. పాఠం అర్థమయ్యేలా తెలుగులో కూడా చెబుతారా అని రెండో ఏడాది అమ్మాయిలను పక్కకు పిలిచి అడిగితే ఉన్నమాట చెప్తారు.

గవర్నమెంటు కాలేజీలో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే బాగా తక్కువ. రీయింబర్స్‌మెంటు డబ్బు ఒక ప్రభుత్వంలో తల్లి ఖాతాలో పడింది, తర్వాతి ప్రభుత్వం నేరుగా కాలేజీకే ఇస్తామంది. ముందు మనం ఎంత కట్టాలో ఆఫీసులో కనుక్కోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మాత్రం ఎలాగూ కావాలి, ఫలితాలు రాకముందే సచివాలయంలో అర్జీ పెట్టుకుంటే పరుగులుండవు.

చూడ్డానికి సెలవు రోజున పోవద్దు. క్లాసులు నడిచే రోజు పదకొండు గంటలప్పుడు వెళ్లండి. గేటు, రంగులు కాదు చూడాల్సింది. మీ అమ్మాయి కోరిన సబ్జెక్టుకు పర్మనెంటు లెక్చరర్ ఉన్నారా, గెస్టులతో నడుస్తోందా? లైబ్రరీ పుస్తకాలు ఇంటికిస్తారా, తాళం వేసి పెడతారా? అమ్మాయిల గదిలో నీళ్లొస్తాయా? ఆడపిల్లలు కాలేజీ మానేసే కారణాల్లో ఈ నీళ్ల సంగతి ఎంత పెద్దదో మగవాళ్లకు తట్టదు.

"ఆర్ట్స్" అంటే బొమ్మలు గీయడమనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. చరిత్ర చదివే పిల్లకు మన జిల్లాయే పెద్ద పుస్తకం. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొరలూ, ఆదిమానవుల రాతి పనిముట్లూ దొరికాయి. రాజకీయశాస్త్రం కావాలంటే, 1977లో నంద్యాల గెలిపించిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారు, ప్రధానిగా ఉన్న పీవీ నరసింహారావు 1991 ఉపఎన్నికలో ఇక్కడినుంచే లోక్‌సభకు వెళ్లారు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు వింటూ పెరిగిన పిల్లకు అహోబిలం స్తంభాల మీది బొమ్మల కథ చదవాలనిపించదా?

ఇక ఉద్యోగం మాట. బీయే తర్వాత బీఈడీ చేసి డీఎస్సీ రాయొచ్చు, మూడేళ్ల లా చదవొచ్చు. గ్రూప్-2కు ఏ డిగ్రీ అయినా చాలు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు పంచాయతీ కార్యదర్శి, మహిళా పోలీసు ఉద్యోగాలకు డిగ్రీ ఉన్నవాళ్లే అర్హులు. ఆ ఏడాది ఇంటర్‌తో ఆపేసిన ఆడపిల్లలు ఎంతమంది ఉసూరుమన్నారో! ఉద్యోగం వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు గానీ, అర్జీ పెట్టుకునే హక్కయినా ఉండాలి కదా.

కాలేజీ చూశాక బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తినండి. తిరిగి బస్సెక్కే ముందు విచారణ కిటికీ దగ్గర, సాయంత్రం క్లాసులు వదిలాక ఆళ్లగడ్డకు ఎన్నెన్ని గంటలకు బస్సులున్నాయో, చివరిది ఎప్పుడో కాగితం మీద రాసుకోండి. ఇంటికి రాగానే నాన్నగారు అడిగే మొదటి ప్రశ్న అదే!