ముసలెద్దు

పొద్దున్నే మా అమ్మ చేతివేళ్ళు వంగవు. గంటసేపు వేణ్ణీళ్ళలో పెట్టుకుంటేగాని పొయ్యి దగ్గరకు రాలేదు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యేచోట మా వూరు. మిరప కోతల్లో అందరికన్నా ముందుండే మనిషి నిరుడు గట్టున కూర్చుంది. డాక్టరుగారు చూసి కీళ్ళవాతమన్నారు. ఒంటికి కాపలా కాయవలసిన తెల్లకణాలే కీళ్ళమీద పడ్డాయట. "మన కుక్కే మనల్ని కరిచిందన్నమాట" అన్నాడు నాన్న.

వారానికొకసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ వ్రాశారు. దానితో నెమ్మదించకపోతే టోఫాసిటినిబ్ అనే బిళ్ళ ఉందనీ, దానికి ముందు క్షయ పరీక్ష చెయ్యాలనీ అన్నారు. ఆ రెండో పేరు చీటీమీద వ్రాసుకుని కాలేజీ లైబ్రరీకి వచ్చాను. బి.ఎస్సీ. చదివే కొడుకున్నాడని అమ్మకెంత ధైర్యమో, నాకంత భయం!

చదివితే తేలిందిది. తెల్లకణానికి బయటినుంచి కబురు తెచ్చేవి సైటోకైన్లు. అవి గడపదాకానే వస్తాయి. గడప లోపల కాచుకుని ఉండేది జాక్ అనే ఎంజైము. కబురందగానే రెండు జాక్‌లు దగ్గర చేరి ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుంటాయి. ఆ తర్వాత స్టాట్ ప్రోటీన్లకూ తగిలిస్తాయి. అవి కేంద్రకంలోకి పోయి జన్యువులను లేపుతాయి.

జాక్‌కు జానస్ అనే రెండు ముఖాల రోమన్ దేవుడి పేరు పెట్టారు. దానిలో ఒకే పోలిక గల రెండు భాగాలు పక్కపక్కనే ఉంటాయి మరి. ఒకటి ఫాస్ఫేటు తగిలించేది. రెండోది దాదాపు ఏ పనీ చెయ్యదు! సెలవుల్లో ఇది చెప్తే నాన్న నవ్వాడు. "పని చెయ్యని ఎద్దుకు మేతెందుకురా?"

నేను మా ముసలెద్దును గుర్తు చేశాను. దానికి లాగే సత్తువ లేదు. కాని పక్కనున్న కోడెను అడుగు దాటనిచ్చేది కాదు. దాన్ని అమ్మేసిన ఏడు కోడె గుంటకతో సహా మిరప సాళ్ళు తొక్కుకుంటూ పరుగెత్తింది. నాన్న మరి మాట్లాడలేదు. జాక్‌లో రెండో భాగమూ అంతే, కబురు లేనప్పుడు మొదటిదాన్ని పట్టి ఉంచుతుంది. జాక్-2లో ఆ భాగంలోని 617వ అమైనో ఆమ్లం ఒక్కటి మారితే చాలు, పట్టు సడలి ఎర్రకణాలు మితిమీరి పుడతాయని 2005లో కనుగొన్నారు. అమ్మకు వచ్చింది అది కాదు. ఎద్దు మంచిదే, కబుర్లే ఎడతెగకుండా వస్తున్నాయి.

ఫాస్ఫేటు ఇచ్చేది ఏ.టి.పి. ఎంజైములో అది కూర్చునే గుంటలో టోఫాసిటినిబ్ ముందే పోయి కూర్చుంటుంది. 2012లో అమెరికాలో దీన్ని కీళ్ళవాతానికి అనుమతించారు. కాపలా మొత్తం మెత్తబడుతుంది గనుకనే క్షయ పరీక్ష.

ఇక ఆ ఏ.టి.పి.ని 1929లో ఫిస్క్‌తో కలిసి వెలికి తీసింది ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నాడు.) అమ్మ వేసుకునే మెథోట్రెక్సేట్ లెడర్లేలో ఆయన బృందం చేసినదే. ఫాస్ఫరస్ కొలవడానికి ప్రాక్టికల్స్‌లో మేము తెప్పించే నీలిరంగు కూడా 1925 నాటి ఆయన పద్ధతే. రికార్డులో మార్కుల కోసం గీసిన బొమ్మ అది, అంతకుమించి ఎప్పుడూ చూడలేదు నేను.

మొన్న ఇంటికి పోతే అమ్మ, "నొప్పెక్కువైతే రోజూ వేసుకోనా బిడ్డా?" అంది. గుండె ఝల్లుమంది. రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. గట్టిగా వద్దన్నాను. క్యాలెండరులో ఆదివారాలన్నిటికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, మాత్రల డబ్బా నాన్న చేతికిచ్చి బస్సెక్కాను.