కేప్ కాడ్ కొయ్యపిట్టలు

అమెరికా దేశమున మసాచుసెట్సు రాష్ట్రమునకు తూర్పుగా, ముడిచిన మోచేతివలె అట్లాంటికు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన నేలయొకటి కలదు. దానిని కేప్ కాడ్ అందురు. ఆటువేళ నీరు తీయగానే అచట విశాలమైన బురదమేటలు బయటపడును. ఉత్తరధ్రువ ప్రాంతమున పిల్లలను లేపి దక్షిణమునకు తరలిపోవు ఉల్లంకిజాతి పక్షులు జూలై మొదలు సెప్టెంబరు వరకు ఈ మేటలపై దిగి, పురుగులను నత్తలను ఏరుకొని తినుచు, ముందరి ప్రయాణమునకు బలము కూర్చుకొనును.

ఈ పక్షులు గుంపును విడిచి యుండజాలవు. తమవంటివి మేయుచున్న చోటనే దిగును. ఈ గుణమును కనిపెట్టిన వేటగాండ్రు పందొమ్మిదవ శతాబ్దమున కొయ్యతో పిట్టలను చెక్కసాగిరి. బాతుబొమ్మ నీటిపై తేలవలెను గాని, ఈ పిట్ట నేలపై నిలువవలెను. కావున పొట్టక్రింద బెజ్జము చేసి, పుల్లను దూర్చి, బురదలో గ్రుచ్చెడివారు. సీడరు లేక పైను కొయ్యను గొడ్డలితో మోటుగా రూపుచేసి, కత్తితో మెడను వీపును నునుపుగా తీర్చి, గట్టికొయ్యతోనో ఇనుపమేకుతోనో ముక్కు నమర్చి, రంగులు వేసెడివారు.

ఈ విద్యలో మిక్కిలి పేరుగన్నవాడు ఈస్టు హార్విచి గ్రామమున 1862లో పుట్టిన ఎల్మర్ క్రోవెల్. ఒక రంగు తడియారకమునుపే వేరొకదానిని కలిపి యీకల మెత్తదనమును చూపుట ఆతని నేర్పు. బొమ్మ అడుగున అండాకారపు ముద్ర వేసెడివాడు.

అయితే ఈ అందమువెనుక హత్య కలదు. వేటగాండ్రు పక్షులను గుంపులుగా చంపి నగరముల అంగళ్లకు పంపెడివారు. ఎస్కిమో కర్లూ అను పక్షి ఒకప్పుడు లెక్కకు మిక్కిలిగా నుండెడిది. 1963లో బార్బడోసు దీవియందు తుపాకి దెబ్బకు కూలిన పక్షి తరువాత అది సజీవముగా నున్నట్లు గట్టి సాక్ష్యము దొరకలేదు.

ఈ సంహారమునకు అడ్డుతగిలినవారిలో స్త్రీలు ముందున్నారని మన సోదరీమణులు తెలిసికొనదగును. ఆ కాలమున టోపీలపై పక్షియీకలు ధరించుట నాగరికతగా నుండెను. 1896లో బోస్టనునందు హేరియెట్ హెమెన్వే, మిన్నా హాల్ అను బంధువులిరువురు తోటి గృహిణులను తేనీటివిందులకు పిలిచి, ఈకల టోపీలు మానుడని బోధించి, పక్షిరక్షణకై మసాచుసెట్సు ఆడుబాన్ సంఘమును స్థాపించిరి. ఇట్లు మొదలైన ఉద్యమము పెరిగి, 1918లో వలసపక్షుల రక్షణకు జాతీయశాసనము వచ్చెను. పక్షులను అంగడి కమ్ముట నిలిచిపోయెను.

వేట తగ్గినంతనే కొయ్యపిట్టలకు పని తప్పెను. కాని క్రోవెల్ కత్తిని విడువక, ఇండ్లలో అలంకారముగా నుంచుకొను పిట్టలను చెక్కెను. 1934లో జోయెల్ బార్బర్ ఈ బొమ్మలపై గ్రంథము వెలువరించెను. ఎలెక్ట్రా హేవ్‌మేయర్ వెబ్ అను ఆమె 1947లో వెర్మాంటు రాష్ట్రమున స్థాపించిన షెల్బర్ను మ్యూజియమునందు నేడు ఇట్టివి అనేకము చూడవచ్చును. 2007లో క్రోవెల్ చేసిన రెండు బొమ్మలు ఒక్కొక్కటి 11 లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయెను.

నేటికిని పాతపద్ధతిని చెక్కువారు కలరు. రంగువేసి, అంచులను ఉప్పుకాగితముతో రుద్ది, ఏండ్లు గడచిన దానివలె చేయుదురు. నిజాయితీ గలవాడు అడుగున తన పేరును సంవత్సరమును చెక్కును. పక్షిని మోసగించుటకు పుట్టిన బొమ్మ మనుష్యుని మోసగింపరాదు గదా!

కేప్ కాడ్‌కు పోవువారు చాతం పట్టణమునకు దక్షిణముననున్న మోనొమాయి పక్షిరక్షిత ప్రదేశమును కూడ చూడవలెను. అది 1944లో ఏర్పడినది. బూడిదరంగు ప్లవరు అను పక్షి అచట ఆగస్టులో కనబడును. ఆ జాతిదే చలికాలమున మన కాకినాడ తీరపు బురదలందును మేయుచుండును. అచటి కొయ్యపిట్టను చేతబట్టి చూచినవారికి, ఇచట ప్రాణముతో నడయాడు పిట్ట విలువ మరింత తెలియును.