గంట ప్రయాణం

దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం భూగోళశాస్త్రం పని. ప్రయాణికుడు మాత్రం దానిని కాలంతోనే కొలుస్తాడు. ‘ఆ ఊరు ఎంత దూరం?’ అని అడిగితే ‘గంట ప్రయాణం’ అని బదులు చెప్పడం లోకరీతి. ఆ గంటలో ఏమేమి ఇమిడి ఉంటాయో తెలియాలంటే ఆగ్నేయాసియాలోని కౌలాలంపూర్, సింగపూర్ నగరాల మధ్య రాకపోకలను పరిశీలించాలి.

ఈ నగరాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 300 కిలోమీటర్లు. రోడ్డు మార్గాన సుమారు 350 కిలోమీటర్లు. విమానాల కాలపట్టికలో ప్రయాణ సమయం గంటకు కొంచెం పైగా కనిపిస్తుంది. అందులో విమానం గాలిలో ఉండేది ఇంచుమించు ముప్పావుగంట. తగిన ఎత్తును అందుకున్న కొద్దిసేపటికే అది దిగడం ఆరంభిస్తుంది. ప్రపంచంలో మిక్కిలి రద్దీ గల అంతర్జాతీయ విమానమార్గాలలో ఇదొకటి.

అయితే ప్రయాణం విమానంతో మొదలై విమానంతో ముగియదు. 1998లో ప్రారంభమైన కౌలాలంపూర్ విమానాశ్రయం నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన, సెపాంగ్‌లో ఉంది. అక్కడికి చేరడానికి ఒక గంట, తనిఖీలకూ నిరీక్షణకూ రెండు గంటలు, సింగపూర్‌లో దిగి ఇల్లు చేరడానికి మరొక గంట పట్టిందనుకుంటే, గంట ప్రయాణం ఐదు గంటలవుతుంది. సరిహద్దు వద్ద రద్దీ లేకుంటే బస్సెక్కినవాడు కూడా ఐదారు గంటలలో గమ్యం చేరుతాడు. ఈ నగరాలను తొంభై నిమిషాలలో కలిపే రైలు కోసం 2016లో కుదిరిన ఒప్పందం, 2020 చివరికి గడువు తీరి రద్దయింది. ఆ రైలు విమానం కంటే నెమ్మదైనదే. కాని ప్రయాణికుడిని విమానం కంటే ముందుగా ఇల్లు చేర్చగలిగేది.

ఈ దూరానికి చరిత్ర కూడా తోడయింది. జోహోర్ జలసంధిపై కిలోమీటరుకు పైగా పొడవైన కట్ట 1924 నుండి ఇరుతీరాలను కలుపుతూనే ఉంది. 1963లో మలేషియాలో చేరిన సింగపూర్, 1965 ఆగస్టు 9న విడివడి స్వతంత్ర దేశమయింది. ఇరుదేశాల ఉమ్మడి విమానసంస్థ సైతం 1972లో రెండుగా చీలింది. నేల జరగలేదు, నీరు పెరగలేదు. కాని నడుమ ఒక సరిహద్దు వెలిసింది. అయినా బంధం తెగలేదు. 1982లో మలేషియా ద్వీపకల్పం తన గడియారాలను అరగంట ముందుకు జరిపినప్పుడు సింగపూర్ కూడా జరిపింది.

నేటికీ పండుగ వచ్చిందంటే ఆ కట్టపై వాహనాలు బారులు తీరుతాయి. ఉపాధి కోసం సింగపూర్ చేరిన కొడుకుకు, కౌలాలంపూర్‌లోని తల్లికి జబ్బు చేసిందన్న కబురు అందితే, ఆ ఐదు గంటలలో ప్రతి నిమిషమూ బరువే. గాలిలో గడిచే ముప్పావుగంట అతనిని బాధించదు. వరుసలో నిలబడిన క్షణాలే బాధిస్తాయి.

విమానం తగ్గించగలిగేది ఆకాశంలోని దూరాన్నే. నేలమీది దూరాన్ని తగ్గించవలసినవి మంచి రవాణా ఏర్పాట్లు, ఇరుగుపొరుగు దేశాల సఖ్యత.