బొమ్మ మూసి చూస్తే

మా ఇంట్లో ఎవరి చదువు వాళ్లదే. తాత నిజాం కాలంలో ఉర్దూ చదివిండు. బాపు బిలోలిలోనే మరాఠీ శాళకు పోయిండు. బాపు కొలువు బీదర్ దిక్కు పడితే మేము కన్నడంలో చదువుకున్నాం. ఇప్పుడు అన్న బిడ్డ మళ్లీ ఇక్కడే, మరాఠీలో ఒకటో తరగతి. తెలుగు ఎవరికీ బడిలో రాలేదు, అవ్వ నోటినుంచే వచ్చింది.

1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. అందులోని బిచ్కుంద, జుక్కల్, ముధోల్, భైంసా దిక్కులు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిసినయి. మంజీర అవతల మా చుట్టాల పిల్లలు దిద్దింది 'అ ఆ', ఇవతల మేము దిద్దింది బారాఖడీ.

పోయిన వానకాలం చిన్నది పాఠం గడగడా చదువుతుంటే ఇల్లంతా సంబరపడ్డాం. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆ అలవాటు ఊరుకోదు. బొమ్మ మీద చెయ్యి పెట్టాం. ఆగిపోయింది. నడుమ ఒక మాట చూపిస్తే, మొదటినుంచి వల్లించుకుంటూ అక్కడిదాకా వచ్చింది. చదవడం లేదు, అప్పజెప్తున్నది!

అన్న కోపం చేసిండు. పిల్ల రెండు రోజులు సంచి ముట్టలేదు. బడిలో అడిగితే "ఇంట్లో మరాఠీ మాట్లాడండి" అన్నారు. వదిన సరేనన్నది. అవ్వ ఒక్కటే అడిగింది: "మరి నాతోని ఏ భాషల మాట్లాడుతది?" ఎవరం జవాబు చెప్పలేదు.

తిట్టడం మానేసి పది రోజులు దాని తప్పులు నోట్‌బుక్కులో రాసుకున్నాం. అక్షరాలు వచ్చు. తప్పులు ఎక్కువగా రెండు చోట్లే. మరాఠీలో హ్రస్వ ఇకారం గుర్తు అక్షరానికి ముందు రాస్తారు, పలికేది మాత్రం తర్వాత. రెండోది, సగం అక్షరాలు. మనకు వత్తు కిందికి పోతుంది, అక్కడ అక్షరమే సగమై పక్కదానికి అతుక్కుంటుంది. ఆ రెండే రోజూ పది నిమిషాలు పలక మీద దిద్దించాం.

ఇంకొకటి చేశాం. అది తెలుగులో చెప్పిన మాటలనే మరాఠీ అక్షరాల్లో రాసిచ్చాం: "అవ్వ వచ్చింది. ఎలుక పారిపోయింది." మరాఠీలో హ్రస్వ 'ఎ' లేదు కాబట్టి మొదట "ఏలుక" అని చదివింది. ఒక్క క్షణం ఆగి, "ఏలుక కాదు కాకా, ఎలుక!" అని నవ్వింది. ఆ రోజు మాకు నమ్మకం కుదిరింది. రాసినదాంట్లో అర్థం ఉంటుందని దానికి తెలిసింది. తర్వాత మరాఠీ మాటలు కూడా అట్లనే వెతుక్కోవడం మొదలుపెట్టింది, తెలియనిది అడిగింది.

2021లో మొదలైన నిపుణ్ భారత్ కూడా కోరేది ఇదే: మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి.

ఇప్పుడు చిన్నది మెల్లగా చదువుతుంది, మునుపటి గడగడ లేదు. మాకు అదే నయం. ఇంట్లో తెలుగు ఆగలేదు. తెలుగు లిపి ఇంకో రెండేళ్లకు నేర్పుతాం. కన్నడం మీదుగా మేము పెద్దయ్యాక, బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాం కదా, దానికి తొందరేమీ లేదు.

మీ ఇంట్లో పిల్లలు గడగడా చదువుతుంటే ఒకసారి బొమ్మ మూసి చూడండి. ఆగితే మాత్రం కోపం చేయకండి.