ఇంజను దీపమును, మా నిదానమును

గృహిణులకు మోటారు యంత్రముతో నేమి పని యని కొందరు సోదరీమణులు తలంపవచ్చును. మేమును నిరుటివరకు అట్లే తలంచితిమి. కాని యింటి ఖర్చులు వ్రాసుకొను పుస్తకము మన చేతిలోనిదే గదా. అందులో కారు మరమ్మతు పద్దు పెరిగినకొలది పిల్లల ఫీజుల పద్దు ముడుచుకొనును. అందుచేత మాకు జరిగిన సంగతి యొకటి దాపరికము లేక వ్రాయుచున్నాము. ఇందులో మా తెలివి కొంత, తెలివితక్కువ కొంత కలదు. రెండవదియే యెక్కువ.

మా కాపురము వనపర్తిలో. మా వారు బడిపంతులు. పుట్టినిల్లు గద్వాల, అత్తవారిల్లు నాగర్‌కర్నూలు. 2016 అక్టోబరులో ఈ మూడును మూడు జిల్లాల ముఖ్యపట్టణములైనవి గాని, మాకు మూడును కలిసి యొక్కటే సంసారము. ఒకచోట అమ్మకు కన్ను కనబడదు, ఒకచోట అత్తగారికి ఆయాసము. బస్సుల కొరకు పిల్లలతో ఎండలో నిలువలేక, నాలుగేండ్ల క్రిందట పాత పెట్రోలు కారు నొకదానిని వాయిదాలపై కొంటిమి.

నిరుడు శ్రావణమాసములో ఒకనాడు మీటరులో నారింజరంగు ఇంజను బొమ్మ వెలిగినది. కారు నడుచుచునే యున్నది. మా వారు ఒక పెద్ద దుకాణమునకు ఫోను చేయగా, "తెండి, చూచెదము. చూచుటకు వేయి రూపాయలు, మరమ్మతు వేరు" అనిరట. "చూచుటకే వేయి రూపాయలా!" అని మా వారు ఫోను పెట్టివేసిరి. నిజము చెప్పవలెనన్న, మాకును ఆ మాట అన్యాయముగనే తోచినది.

ఆ సమయమున మా చెల్లెలి కుమారుడు హైదరాబాదునుండి వచ్చియుండెను. వాడు తన సంచిలోనుండి అగ్గిపెట్టె కంటె కొంచెము పెద్దదైన స్కానరు తీసి, స్టీరింగు క్రింద నున్న సాకెట్టులో గ్రుచ్చి, దానిని ఫోనుతో కలిపెను. "పెద్దమ్మా, నీవు అమరకోశము అప్పజెప్పినదానవు. దీనిని నేర్చుకొనుట నీకెంత పని?" అనెను. పొగడ్తకు లొంగని వారెవ్వరు? మేము కొంగు బిగించి కూర్చుంటిమి.

వాడు చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు క్లుప్తముగా వ్రాసెదము. ఈ దీపము మొదట మన సౌకర్యమునకై పుట్టినది కాదు, గాలి చెడకుండుటకై పుట్టినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1988 నమూనా కార్లనుండి దీనికి నియమములు అమలుపరచిరి. 1996 నుండి ఆ దేశమంతటను కార్లకు ఒకే తీరు పదునారు గడుల సాకెట్టును, ఒకే తీరు సంకేతములును వచ్చినవి. మన దేశమున 2013 ఏప్రిల్ నుండి కొత్త కార్లకు ఈ రెండవ తరము పద్ధతి విధింపబడినది. సంకేతమునకు ఒక అక్షరము, నాలుగు అంకెలు. మొదట 'పీ' యున్నచో ఇంజను, గేర్లకు సంబంధించినది. 'బీ' యనగా కారు దేహము, 'సీ' యనగా చక్రములు బ్రేకుల వైపు, 'యూ' యనగా కారులోని కంప్యూటర్లు తమలో తాము మాటలాడుకొను తంత్రము. రెండవ స్థానమున సున్న యున్నచో అది కంపెనీలన్నిటికిని సాధారణమైన మాట. ఒకటి యున్నచో ఆ కంపెనీవారి సొంతభాష. మూడవది శాఖను, చివరి రెండును ఆ శాఖలోని చోటును దెలుపును. మాకిది వ్యాకరణము వలె ముచ్చటగా నుండెను.

మా కారు చూపినది పీ-0301. అనగా మొదటి సిలిండరులో పెట్రోలు సరిగా మండుట లేదు. ఫోనులో వెదకగా, ఇది సాధారణముగా స్పార్క్ ప్లగ్గు దోషమని పదిమంది చెప్పిరి. మరి పదిమంది వేరే కారణములు చెప్పిరి గాని, ఖర్చు తక్కువైన మాట మీదనే మా మనసు నిలిచినది. నాలుగు ప్లగ్గులు తొమ్మిదివందలకు తెప్పించి, వీధి చివర మోటారుసైకిళ్ళు బాగుచేయు కుఱ్ఱవానిచేత వేయించితిమి. స్కానరుతోనే సంకేతమును చెరిపివేసితిమి. దీపము ఆరినది. ఇరుగుపొరుగువారితో మేము చెప్పుకొన్న గొప్ప లిప్పుడు తలచుకొన్న సిగ్గగుచున్నది. పక్కింటి వదినెగారు తమ కారునకును చూడుమని పిలిచిరి కూడ.

పది దినములు దీపము మరల కనబడలేదు. వనపర్తిలో బడికి, అంగడికి పోయివచ్చుటయే గదా, ఇంజను వేడెక్కునంతలోనే ఇల్లు వచ్చును. పదునొకండవనాడు అమ్మను చూచుటకు గద్వాల పోయితిమి. సాయంకాలము నాగర్‌కర్నూలునుండి మరిదిగారి ఫోను. అత్తగారికి ఆయాస మెక్కువైనదట, ఆసుపత్రికి తీసికొని పోవుచున్నారట. చేతిలోని అన్నపుముద్ద విడిచి బయలుదేరితిమి.

ఎర్రవల్లి చౌరస్తా వద్ద పెద్దరోడ్డు ఎక్కి, బీచుపల్లి వంతెనమీద కృష్ణ దాటునంతవరకు బాగుగనే యున్నది. వంతెన దిగిన కొంత సేపటికి కారు వణకసాగినది. మీటరులో ఆ బొమ్మ ఈసారి నిలకడగా వెలుగలేదు, కొట్టుకొనసాగినది. వెలుగుట, ఆరుట, వెలుగుట. దాని యర్థము మేము చదివియుంటిమి. నిలకడగా వెలిగినచో మెల్లగా పోయి చూపించుకొనవచ్చును. కొట్టుకొన్నచో కాలని పెట్రోలు పొగగొట్టములోనికి పోయి అక్కడ మండుచున్నదన్నమాట. ఆ గొట్టములో పొగను శుద్ధిచేయు పెట్టె కలదు. అందు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను మిక్కిలి వెలగల లోహముల పూత యుండును. ఆ వేడికి అది కరగిపోవచ్చును.

"ఆపుడు" అంటిమి. మా వారు "అమ్మకు అట్లున్నది, ఇప్పుడు ఆపుటయా!" అనిరి. అంతవరకు వారు మా మీద గొంతెత్తినది లేదు. మరల అంటిమి. పెబ్బేరులో ఒక పెట్రోలు బంకు కనబడగా, అక్కడ కారు నిలిపి, బంకువారికి చెప్పి, వనపర్తి బస్సు ఎక్కితిమి. అక్కడికి చేరునప్పటికి నాగర్‌కర్నూలు బస్సు వెళ్ళిపోయినది. కిరాయి కారు దొరకుటకు గంట పట్టెను. ఆసుపత్రి చేరునప్పటికి రాత్రి పదకొండైనది. అత్తగారి ముఖమునకు ఆక్సిజన్ గొట్టము పెట్టియుండిరి. ప్రాణభయము లేదని డాక్టరు చెప్పెను. అంతకుముందు ఆమె మూడుమారులు "పెద్దోడు రాలే?" అని యడిగినదట. మరిదిగారు మెల్లగా ఈ మాట చెప్పినప్పుడు మా వారు గోడవైపు తిరిగి నిలిచిరి. ఆ రాత్రి మమ్మొక్క మాటయు ననలేదు. అనియున్న బాగుండెడిది.

మూడవనాడు అత్తగారు లేచి కూర్చుండిన పిమ్మట పెబ్బేరు పోయితిమి. బంకువారు చూపిన మెకానిక్కు తన షెడ్డునుండి వచ్చెను. స్కానరు బయటికి తీయకముందే ప్రశ్నలు మొదలుపెట్టెను. "ఎప్పుడొచ్చింది సారూ? చల్లగున్నప్పుడా, వేడిమీదనా? ఎత్తుమీద ఎక్కువయితుందా? అంతకుముందు ఏమన్న మార్చిన్రా?" అడుగుట ఆపడు. మేము చేసిన దంతయు ఒప్పుకొంటిమి.

"ప్లగ్గులేసుడు తప్పుగాదమ్మా. కోడు తుడిచేసుడు తప్పు. మొదట కోడు పడ్డప్పుడు ఇంజను ఎంత వేడిమీదున్నది, ఎంత స్పీడున్నది, అంతా దాంట్ల రాసుంటది. మీరు అదంతా తుడిచేస్తిరి. ఇప్పుడు మళ్ళ పడ్డది గాబట్టి సరిపాయె" అనెను. ఆ వ్రాత చూడగా ఇంజను బాగుగ వేడెక్కి, బరువుమీద నున్నప్పుడు దోషము పుట్టినట్లు తెలిసినది.

తరువాత నతడు చేసిన పని మేము జన్మలో మరువము. ఒక్కొక్క ప్లగ్గు మీద దానికి మెఱుపు నిచ్చు కాయిలు ఒకటి కూర్చుండును. మొదటిదాని కాయిలు తీసి రెండవదానిపై, రెండవదానిది మొదటిదానిపై పెట్టెను. పాత కోడును కాగితము మీద వ్రాసికొని, అప్పుడు చెరిపి, కారు వేడెక్కువరకు పెద్దరోడ్డు మీద త్రిప్పుకొని వచ్చెను. ఇప్పుడు స్కానరు చూపినది పీ-0302. దోషము కాయిలుతోకూడ రెండవ సిలిండరునకు నడచిపోయినది! కాయిలు దోషము కానిచో కోడు మొదటి సిలిండరునందే నిలిచియుండును. అప్పుడు ఇంజెక్టరు, వైర్లు, వాల్వులు ఒకదాని తరువాత ఒకటి చూడవలసియుండును. మా చేతిలోని ఎనిమిదివందల స్కానరుతోనే ఈ పరీక్ష చేయవచ్చును. అతనికి తెలిసినది స్కానరులో లేదు.

మా నాయనగారు మాకు చిన్ననాట సంస్కృతము చెప్పుచు మాధవనిదానము కూడ కొంత చదివించిరి. ఆ గ్రంథమంతయు రోగమును గుర్తించుటకే గాని మందుల కొరకు కాదు. వైద్యులు రోగమును తెలిసికొను మార్గములు ఐదని చెప్పుదురు. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. మీటరులో వెలుగు దీపము, ఫోనులో కనబడు సంకేతము రూపము మాత్రమే. అనగా లక్షణము. కారణమును గూర్చు మాట నిదానము. సందేహమున్నచోట ఒకటి చేసి చూచి, దానివలన రోగము పెరిగెనా తగ్గెనా యని తేల్చుకొనుట ఉపశయము. పెబ్బేరు మెకానిక్కు కాయిలు మార్చి చూచినది ఉపశయము గాక మరేమి? మన భాషలో నిదానమను మాటకు తొందరపడకుండుట యని మరియొక అర్థము కూడ నున్నది. ఆ రెండర్థములును మేము తప్పితిమి.

లెక్క చెప్పునప్పుడు అతడు కాయిలుకు రెండువేల రెండువందలు, చూచినందుకు ఐదువందలు అనెను. మా వారు కాయిలు ధరకు మాటాడలేదు. "చూచినందుకు ఐదువంద లెక్కువ గాదా?" అనిరి.

అతడు కోపపడలేదు. "సారూ, చూడకుండనే ప్లగ్గులు, కాయిలు, ఇంజెక్టరు మూడు మార్చి ఎనిమిదివేలు అంటే, మీరు బిల్లు చూసి ఇచ్చిపోదురు. సామాన్లకైతే ఇస్తరు, చూసినందుకు ఇయ్యరు. అందుకే మావోళ్ళు శానమంది చూసుడు బందువెట్టి, మార్చుడే పట్టుకున్నరు" అనెను.

మేము మా వారి ముఖము చూచితిమి. వారు పిల్లల లెక్కల నోటుబుక్కులు రాత్రులు కూర్చుండి దిద్దువారు. తీసివేతలో తప్పు వచ్చిన పిల్లవానికి ఎఱ్ఱగుర్తు వేసి ఊరకుండక, వాడు అప్పు తెచ్చుకొనుటలో తప్పెనో, అంకెల చోట్లు తప్పెనో వెదకి కనుగొందురు. ఆ వెదకుటకు వారికి వేరుగా ఎవ్వరు నేమియు నిచ్చుట లేదు. వారికిని ఆ సంగతియే తోచెనేమో, ఏమియు ననక డబ్బు లెక్కపెట్టి యిచ్చిరి.

స్కానరును పారవేసితిమా యనిన, లేదు. అది లేకున్న ఆనాడు కారు ఏల వణకుచున్నదో మాకు తెలియదు, ఆపి యుండకపోదుము. దీపము వెలిగిన వెంటనే కోడు చూచి, తారీఖు, ఊరు, వేడి, వేగముతోసహా పుస్తకములో వ్రాసెదము. చెరపము. మెకానిక్కు నొద్దకు పోయినప్పుడు "ప్లగ్గు మార్చుము" అని చెప్పక, ఆ కాగితము చూపి, చూచుటకెంత యని ముందే యడిగెదము. చూడకయే సామాను పేరు చెప్పువాని నొద్ద మాత్రము కారు వదలము. చౌక స్కానర్లు చాలవరకు ఇంజను కోడులనే చదువును, బ్రేకులవి, ఎయిర్‌బ్యాగులవి అందులో కనబడకపోవచ్చును. కావున కోడు లేదనినంత మాత్రమున దోషము లేదని నమ్మరాదు. ఇంజను నూనె దీపముగాని వేడి దీపముగాని ఎఱ్ఱగా వెలిగినచో స్కానరు వెదకుకొనుచు కూర్చుండరాదు, ముందు ఇంజను ఆపవలెను.

మొన్న మాఘములో దీపము మరల వెలిగినది. కోడు పీ-0113. లోనికి పోవు గాలి వేడిని కొలుచు సెన్సరు తీగలో ఓల్టు లెక్కువగా నున్నవని. ఒక దుకాణమువాడు ఫోనులోనే సెన్సరు మార్చవలెననెను. మేము ఈసారి కొంత చదివితిమి. తీగ తెగినప్పుడును కంప్యూటరునకు అట్లే కనబడునట. బానెట్టు ఎత్తి చూడగా సెన్సరు దగ్గర తీగ తెగి వ్రేలాడుచున్నది, ప్రక్కన వేరుసెనగ పొట్టు. మా కారు నిలుపు చోటు గింజల బస్తాల ప్రక్కనే. ఫోటో తీసి పెబ్బేరునకు పంపితిమి. "ఎలుక పనే అమ్మా, సెన్సరు కొనకున్రి. మీ దగ్గర కరెంటు పని చేసెటాయనతోటి తీగ అతికిచ్చి టేపు చుట్టిపిచ్చుకోన్రి" అని అతడు ఫోనులోనే చెప్పెను. డబ్బు సంగతి యెత్తలేదు.

మేము బోను కొనుటకు అంగడికి పోయి వచ్చునంతలో, మా వారే అతనికి ఫోనులో రెండువందలు పంపియుండిరి.