చేతులు కనపడాలి

జూలై 7, 2024, ఆదివారం

ఆషాఢం వచ్చింది. పెళ్లి జాకెట్లు లేవు, మగ్గం వర్క్ ఆర్డర్లు లేవు. ఆడవాళ్లు తగ్గింపు చీరలు కొనుక్కొచ్చి శ్రావణానికి కుట్టమని వరస కట్టేదాకా షాపులో కాస్త తీరుబడి. యూట్యూబ్ ఛానల్ పని ఈ తీరుబడిలోనే అయిపోవాలి.

మొన్న నల్గొండ నుంచి ఫోను. నా దగ్గర పని నేర్చుకుంటూ మధ్యలో పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయి. "అక్కా, చంక దగ్గర ముడత పడుతోంది, ఎంత సరిచేసినా పోవట్లా" అంది. ఫొటో చూడగానే అర్థమైంది. ముందు భాగం చంక వెనక భాగంతో సమానంగా కోసేసింది. ముందువైపు ఇంకో అరంగుళం లోపలికి తియ్యాలి. చెప్పాను. "అరంగుళం ఎక్కణ్ణించి అక్కా?" అంది. ఎక్కణ్ణించి అంటే ఏం చెప్పను? భుజం దగ్గర రెండు గీతలూ ఒకటే. మధ్యలో ముందు గీత లోతుకు దిగుతుంది, చంక కింద మళ్లీ వచ్చి వెనక గీతలో కలిసిపోతుంది. చాకుపీసుతో గీసి చూపిస్తే నిమిషం పని. ఫోన్లో గంట చెప్పినా అందదు.

జాకెట్టు కటింగ్ వీడియోలు ఇప్పటికే కోకొల్లలు. ఆ పిల్లా వాటిని చూసే కోసింది. రాత్రి కూర్చుని నేనూ చూశాను. మనిషి మాట్లాడేటప్పుడు నెమ్మదిగా ఉంటుంది, కత్తెర తిరిగే చోటికి వచ్చేసరికి పాట పెట్టి గబగబా తోసేస్తారు. నేర్చుకునేవాళ్లకు కావలసింది ఆ చోటే.

మా తెనాలి చుట్టుపక్కల మనిషే గుడివాడ మస్తానమ్మ గారు. ఆవిడ వంటలతో 2016లో కంట్రీ ఫుడ్స్ ఛానల్ మొదలైంది. పుచ్చకాయలో కోడికూర వండితే ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చూశారు. 2018 డిసెంబరులో పోయారు, నూరేళ్లు దాటిన మనిషని అందరూ చెప్పేవాళ్లు. ఆవిడ వండింది తనకు వచ్చిన పద్ధతిలో, మాట్లాడింది తన ఊరి మాటలో. ఆ చేతుల్ని కెమెరా దగ్గరగా చూపించింది. నాకు అంతకన్నా వేరే దారి అక్కర్లేదు.

జూలై 9, మంగళవారం

అన్నయ్య కొడుకు కాలేజీ అయ్యాక వచ్చాడు. "అత్తా, నీ జీమెయిల్ మీద వద్దు. బ్యాంకువీ ఫోన్‌పేవీ అన్నీ దానికే ఉన్నాయి" అన్నాడు. ఛానల్ కోసం వేరే అకౌంట్ తీశాం. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్లో కూడా అడిగేట్టు రెండంచెల రక్షణ పెట్టాడు. ఎడిటింగ్ వాడే చేస్తాడు కదా, పాస్‌వర్డ్ వాడి దగ్గరా ఉంటే పోలా అనుకున్నాను. అవసరం లేదట. యూట్యూబ్ స్టూడియోలో అనుమతులని ఒక చోటుంది. ఓనర్, మేనేజర్, ఎడిటర్, చూడ్డానికి మాత్రమే వచ్చేవాళ్లు, ఎవరికి ఎంత కావాలో అంతే ఇవ్వచ్చు. వాణ్ని వాడి మెయిల్ మీదే ఎడిటర్‌గా చేర్చాం. ఛానల్ యజమానిని నేనే. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఇంట్లో పిల్లల చేతికి అకౌంట్ అప్పగించేసి, తర్వాత వాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోతే తెరవలేక వదిలేసుకున్న ఆడవాళ్లు నాకు తెలుసు.

పేరు దగ్గర చాలాసేపు ఆగాం. వాడు 'ఫ్యాషన్', 'క్రియేషన్స్' లాంటివి చెప్పాడు. షాపు పేరే పెట్టమంది మా అమ్మాయి. షాపు పేరు తెలిసినవాళ్లు షాపుకే వస్తారు. నాకు కావలసినవాళ్లు షాపు ఎన్నడూ చూడనివాళ్లు. 'జాకెట్టు నేర్చుకుందాం' అని పెట్టాను. చదవగానే లోపల ఏముందో తెలియాలి, అంతే. పేరు పద్నాలుగు రోజుల్లో రెండుసార్లు మార్చుకోవచ్చట. నేను మార్చను.

హ్యాండిల్ అని ఇంకొకటి అడిగింది. 2022లో వచ్చింది ఇది, ఛానల్‌కి చిరునామా లాంటిది. మూడు అక్షరాలకు తక్కువ కాకుండా, ముప్పై దాటకుండా ఉండాలి. నోటితో చెబితే రాసుకోగలిగేట్టు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాం. మధ్యలో గీతలూ చుక్కలూ వద్దన్నాను. షాపు గోడ మీద రాయించాలి, బిల్లు పుస్తకం మీద వేయించాలి.

జూలై 12, శుక్రవారం

ఫోన్ నంబరు ధ్రువీకరణ అయింది. మెసేజ్‌లో వచ్చిన కోడ్ కొడితే సరి. ఇది చెయ్యకపోతే పదిహేను నిమిషాలు దాటిన వీడియో ఎక్కించనివ్వరు, వీడియో ముందు కనపడే బొమ్మ మనది పెట్టుకోనివ్వరు. ఒకే నంబరు మీద ఏడాదికి రెండు ఛానళ్ల దాకానే కుదురుతుంది.

జూలై 15, సోమవారం

బ్యానర్. పైన అడ్డంగా ఉండే పెద్ద బొమ్మ. వెడల్పు 2560, ఎత్తు 1440 పిక్సెళ్లు, 6 ఎంబీ దాటకూడదు. అంత బొమ్మా టీవీలోనే కనపడుతుంది. ఫోన్లో నడిమి పట్టీ ఒక్కటే, 1546కి 423. అంచు జాకెట్టు కొయ్యడం లాంటిదే ఇదీ, అంచు ఎక్కడ పడాలో ముందు చూసుకుని అప్పుడు గుడ్డ మీద కొలత పెట్టాలి. నా వీడియోలు చూసేవాళ్ల దగ్గర ఉండేది ఫోనే. అందుకని ఛానల్ పేరు, ఒక టేపు, ఒక కత్తెర ఆ పట్టీలోనే పట్టించాం. చుట్టూ ఉన్న జాగాలో మెరూన్ గుడ్డ మడత తప్ప ఇంకేం లేదు. దేవుడి బొమ్మా నా ఫొటో కూడా పెడదామంది మా అమ్మాయి. అన్నీ కుక్కితే ఏదీ కనపడదని చెప్పాను.

గుండ్రటి ప్రొఫైల్ ఫొటోకి చాకుపీసు పట్టుకున్న నా చెయ్యి. 800కి 800 బొమ్మ ఎక్కించినా తెర మీద బొట్టుబిళ్లంతే కనపడుతుంది. మొదట కత్తెర, చెయ్యి, టేపు మూడూ పెట్టి చూశాం, చిన్నదయ్యేసరికి ఏది ఏదో తెలియలేదు. చెయ్యీ చాకుపీసూ మాత్రం ఆనాయి.

జూలై 17, బుధవారం, తొలి ఏకాదశి

పేలపిండి కొట్టి నైవేద్యం పెట్టి, మధ్యాహ్నం షూటింగ్‌కి కూర్చున్నాను.

దీని గురించి వివరంగా రాసుకోవాలి. ఫోను కటింగ్ బల్లకు నిలువుగా పైన ఉండాలి, తెర అడ్డంగా. స్టాండు కొన్నాం, దాని చెయ్యి బల్ల మీదికి చాస్తుంది. ట్యూబులైటు కింద తీస్తే వీడియోలో నల్లటి చారలు కదులుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ లైటు సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనుకి తెలుస్తుంది. 25 పెట్టుకునే వీలున్న ఫోన్లలో చారలు తగ్గుతాయట. ఈ ఫోన్లో ఆ వీలు లేదు. లైటు ఆపేసి బల్లను కిటికీ దగ్గరికి జరిపాను. వెలుతురు ఎడమవైపు నుంచి వచ్చేట్టు కూర్చుంటే నా కుడిచేతి నీడ గీత మీద పడటం లేదు.

గుడ్డ ఎంపిక ఇంకో సంగతి. పువ్వుల గుడ్డ మీద చాకుపీసు గీత కెమెరాకి ఆనదు. లేత రంగు మీద తెల్ల గీత అసలే కనపడదు. ముదురు మెరూన్ లైనింగ్ తీసుకున్నాను, మీటరు. ముందురోజే నీళ్లలో నానేసి ఆరేసి ఇస్త్రీ చేశాను. తడిపిన గుడ్డ కుంచించుకుపోయే భాగం ముందే పోతుంది కదా. అసలు వీడియో అక్కణ్ణించే మొదలుపెట్టాను. అది మానేసి కోసినవాళ్లకు మొదటి ఉతుకులోనే జాకెట్టు బిగుసుకుంటుంది, తప్పు కొలతదనుకుంటారు.

నాలుగు మడతలు వేసి, 36 ఛాతీకి నాలుగో వంతు 9, కుట్టుకు అంగుళంన్నర. టేపు అంకెలు తెర మీద చదవగలగాలి. కొలత చెప్పినప్పుడల్లా వేలు ఆ అంకె మీద ఆన్చి, లోపల మూడు లెక్కపెట్టి అప్పుడు తీశాను. షాపులో నా చెయ్యి అలా ఆగదు. ఆగమని దానికి నేర్పాల్సి వచ్చింది.

చంక దగ్గర మొదట వెనక గీతను పూర్తిగా గీశాను, తర్వాత దాని లోపల ముందు గీతను పసుపు చాకుపీసుతో. రెండు రంగులూ పక్కపక్కన పడేసరికి ఆ అరంగుళం ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో చూపించడానికి మాటే అక్కర్లేకపోయింది.

జూలై 20, శనివారం

గొంతు. ఫ్యాను ఆపేస్తే చెమటలు, వేస్తే గాలి చప్పుడు మాటను మింగేస్తోంది. మెళ్లో తగిలించుకునే చిన్న మైకు తెచ్చాడు మేనల్లుడు. ఫ్యాను ఆపి, కాస్త కాస్త తీసి, మధ్యలో వేసుకుంటున్నాం.

వెనక సినిమా పాట పెడతానన్నాడు, వద్దన్నాను. మన దగ్గర పాట ఉన్నంత మాత్రాన అది మనదవదు. హక్కుదారులు తమ పాటల్ని యూట్యూబ్‌కి ముందే ఇచ్చి ఉంచుతారు, ఎక్కించగానే అది పోల్చి పట్టుకుంటుంది. ఆ వీడియో మీద వచ్చే డబ్బు వాళ్లకు పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. పక్క కొట్లో రేడియో మోగుతున్నా షూటింగ్ ఆపుతున్నాను. స్టూడియోలోని ఆడియో లైబ్రరీలో వాడుకోదగ్గ సంగీతం ఉంది. కానీ జాకెట్టు కోసేటప్పుడు సంగీతం ఎందుకు? కత్తెర గుడ్డను కోస్తున్న చప్పుడు వినపడాలి. కత్తెర సాఫీగా పోతోందా, పీకుతోందా అని చెవికే ముందు తెలుస్తుంది.

జూలై 24, బుధవారం

ఆషాఢం చీరలు రావడం మొదలైంది. ఇవాళ రాత్రే కూర్చోగలిగాను.

టైటిల్‌కి నూరు అక్షరాల హద్దు. తెలుగులో గుణింతం, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కపడతాయి. 'కుట్టు' అని రాస్తే ఆరు పోయాయి. 'లైనింగ్ జాకెట్టు కటింగ్, 36 సైజు, మొదటిసారి కోసేవాళ్లకు' అని పెట్టాం. సైజు ముందే చెప్పాలి, 40 సైజు కోసం వెతికేవాళ్ల డేటా వృథా కాకూడదు. ట్యాగుల్లో రవిక, బ్లౌజు, జాకెట్ అని ఎవరెలా రాస్తారో అన్నీ వేశాడు. వాటి వల్ల పెద్ద ఉపయోగం లేదని యూట్యూబే చెబుతుంది, స్పెల్లింగు తేడాలకు పనికొస్తే చాలు.

ముందు బొమ్మ, అదే థంబ్‌నెయిల్, 1280కి 720. మెరూన్ గుడ్డ మీద ఆ రెండు గీతలు, '36' అని పెద్ద అంకె. కుడివైపు అడుగున ఏమీ పెట్టనివ్వలేదు, వీడియో నిడివి అంకెలు సరిగ్గా అక్కడే వచ్చి కప్పేస్తాయి.

వివరణలో సమయాలు రాశాం, గుడ్డ తడపడం, మడత, కొలతలు, చంక, మెడ, కోత, ఇలా. మొదటిది 0:00 అయి ఉండాలి, కనీసం మూడుండాలి, ఏదీ పది సెకన్లకు తగ్గకూడదు. అప్పుడు వీడియో కింద గీత ముక్కలవుతుంది, నొక్కితే అక్కడికే పోతుంది. మెడ దగ్గర ఆగిపోయిన పిల్ల మళ్లీ మొదట్నుంచి చూడక్కర్లేదు. ఈ రెండు వారాల్లో పెట్టుకున్న వాటన్నిట్లోకీ ఇదే విలువైనదని నా నమ్మకం.

జూలై 28, ఆదివారం

వీడియో ఎక్కించి 'అన్‌లిస్టెడ్'లో ఉంచాం. లింకు ఉన్నవాళ్లకే కనపడుతుంది. నల్గొండ పిల్లకు పంపాను. ఎక్కించిన వీడియోని అదే లింకులో మార్చి పెట్టడం కుదరదు, కాబట్టి అడగవలసింది పబ్లిక్ చెయ్యకముందే.

సాయంత్రం ఫోన్ చేసింది. "అక్కా, చంక అర్థమైంది. మెడ వెడల్పు పెట్టినప్పుడు టేపు మడతవైపు నుంచి పెట్టారా, అంచువైపు నుంచా? మీ మోచెయ్యి అడ్డమొచ్చింది." మడతవైపు నుంచి. మెడ ముక్క మళ్లీ తీస్తాం.

మిగతావి. పిల్లల కోసం చేసిందా అని అడిగితే కాదని పెట్టాం. ఔనంటే వ్యాఖ్యలు ఆగిపోతాయి, చివర్లో తర్వాతి వీడియో చూపించే తెర ఉండదు. 2019లో పిల్లల వివరాల విషయంలో అమెరికాలో యూట్యూబ్ మీద 17 కోట్ల డాలర్ల జరిమానా పడ్డాక వచ్చిన నియమం ఇది, ఏ దేశంవాళ్లయినా చెప్పి తీరాలి. ముందు పేజీలో కొత్తవాళ్లకు కనపడేలా ఒక నిమిషం పరిచయం పెట్టాం. దాన్లో నా మొహం ఉంది, ఎవరు నేర్పుతున్నారో తెలియాలి కదా. కింద వరసలు మూడే: కటింగ్, కుట్టడం, సరిచేసుకోవడం. వీడియోలు పెరిగాక మిగతావి చూద్దాం, పన్నెండు దాకా పెట్టుకోవచ్చు.

డబ్బు గురించి అన్నయ్య అడిగాడు. ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటలు జనం చూసి ఉండాలి. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మనిషికి పది నిమిషాల చొప్పున 24,000 సార్లు. ఆ గంటల కోసం పది నిమిషాల పాఠాన్ని పాతిక నిమిషాలకు సాగదియ్యను. నెలకు రీచార్జి చేయించుకోడానికి ఇంట్లో అడిగి తీసుకునే ఆడపిల్లలు చూసేది ఇది.

ఆగస్టు 4, ఆదివారం

రేపటి నుంచి శ్రావణం. వీడియో మధ్యాహ్నం రెండింటికి వచ్చేట్టు సమయం పెట్టి ఉంచాం. ఆ వేళకు వంట, భోజనాలు, గిన్నెలు అయిపోతాయి, పిల్లలింకా బడి నుంచి రారు.

ఆగస్టు 25, ఆదివారం

వరలక్ష్మీ వ్రతం జాకెట్లతో పుస్తకం తెరిచే వీలే కాలేదు. ఇవాళ మేనల్లుడు స్టూడియో తెరిచి ఒక గీత చూపించాడు. వీడియో ఏ క్షణంలో ఎంతమంది చూస్తున్నారో ఆ గీత చెబుతుంది. మామూలుగా కిందికి దిగుతూ పోతుందట. మనదీ దిగింది, కానీ చంక దగ్గర పైకి లేచింది. వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూస్తే అలా లేస్తుంది.

అందుకని రెండో వీడియో అనుకున్నట్టు చేతుల కటింగ్ కాదు, అది తర్వాత. ముందు చంక ఒక్కటే. గుడ్డ వద్దు, పాత న్యూస్ పేపరు మీద, 32, 36, 40 మూడు సైజులకీ, వెనక గీత నీలం పెన్సిలు, ముందు గీత ఎర్ర పెన్సిలు. పేపరు కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపిస్తే తేడా ఎంతో వేలితో తడమచ్చు. మంగళవారం షాపు మూశాక తీద్దామన్నాను. "ఎర్ర పెన్సిల్ గీత కెమెరాకి ఆనదేమో అత్తా, స్కెచ్ పెన్ తెస్తాలే" అన్నాడు.